వినని కబురు

పదకొండో నంబరు మంచం మీద వకుళాదేవిని వదిలి మనం వచ్చేసి వారమైంది. మనకు వారమే గాని, ఆసుపత్రిలో ఆమెకు గడిచింది ఒక్క రాత్రే. అదే ఇనప మంచం, అదే సున్నం పెచ్చులూడిన గోడ. పక్కన తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ, వాడి చేతికి దారంతో కట్టిన నంబరు బిళ్ళ.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. వకుళ సత్యవేడు బడిపంతులు వేంకటాచలపతిగారి ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది గనుక తొలికాన్పుకు పుట్టింటికి పోకుండా తిరుపతిలో అత్తవారింటనే ఉండిపోయింది. వాళ్ళది కోవెల కైంకర్యం చేసే కుటుంబం. బ్రహ్మోత్సవాలకు అంకురార్పణ జరిగే రోజు మధ్యాహ్నం నొప్పులు మొదలైతే, ఆడబిడ్డ కల్యాణవల్లి జట్కాలో కూర్చోబెట్టి కాన్పుల ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆ సాయంత్రమే మగబిడ్డ పుట్టాడు. ఇవాళ ఐదో రోజు. మొగుడు సంపత్కుమార్ ఇంతవరకు రాలేదు.

ఆసుపత్రిలో ఐదు రోజులంటే ఏమిటో అనుభవించినవాళ్ళకు తెలుసు. పొద్దున ఐదింటికి నర్సమ్మ లైట్లన్నీ వేసి జ్వరం చూస్తుంది. ఆరింటికి పాలు, రెండు ముక్కలు బ్రెడ్డు. ఏడింటికి నేల కడుగుతారు గనుక బాలింతలందరూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. ఆ తర్వాత గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, కుట్లకు మందు రాయించుకోవడానికి వరుస కట్టాలి. ఎవరి నడుముకు వాళ్ళ అమ్మ పాతచీర బిగించి కడుతుంది. వకుళకు ఆయా సుబ్బులమ్మ కట్టింది. బాలింత చెవుల్లోకి గాలి పోకూడదని రెండు చెవుల్లో దూది కూడా ఆమే పెట్టింది. అప్పటినుంచి వార్డు సందడంతా వకుళకు ఎక్కడో పక్కవీధిలో జరుగుతున్నట్టు వినిపిస్తోంది.

ఇవేవీ ముందుగా చెప్పినవాళ్ళు లేరు. మూడో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడి, చలిజ్వరం వచ్చి, తను చచ్చిపోతున్నాననే అనుకుంది. పన్నెండో నంబరు మంచం మీది ఆనందమ్మ చూసి నవ్వింది. ఆమెది పాకాల. ఇది మూడో కాన్పు.

"పాలు పడినాయి అమ్మణ్ణీ. సచ్చేదేముండాది దాంట్లో. వేణ్ణీళ్ళ గుడ్డ ఏసుకో, బిడ్డ నోటికందించు, సరిపోతాది."

నాలుగో రోజు ఏ కారణం లేకుండా పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఏడ్చింది. అదీ మామూలేనంది ఆనందమ్మ. తొలికాన్పులో తనూ అట్లే ఏడిస్తే వాళ్ళమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుందట. ఆ మాట విని వకుళ గోడవైపు తిరిగి మళ్ళీ ఏడ్చింది.

అన్నిటికన్నా కష్టమైంది సాయంత్రం నాలుగింటి గంట. గంట కొట్టగానే గేటు తీస్తారు. కారియర్లు, పూలు, పిల్లలు, ముసలమ్మలు పొలోమని వచ్చిపడతారు. ఆనందమ్మ మంచం చుట్టూ ఏడెనిమిది మంది చేరతారు. ఆమె మొగుడు చెంగయ్య రైల్వేలో గ్యాంగుమాను. నోట్లో నాలుక లేనట్టుంటాడు గాని రోజూ పాసింజరు పట్టుకుని వచ్చి, బిడ్డ అరికాలు ఒక్కసారి తాకి, బయటికిపోయి కూర్చుంటాడు. ఆ ఒక్క తాకుడు చూడలేక వకుళ కళ్ళు మూసుకునేది. చూస్తే తనకు రోషం వస్తుందని కాదు, ఆశ పుడుతుందని.

ఇవాళ ఆశకు కూడా తీరిక లేదు. పొద్దున డాక్టరమ్మ వచ్చి బిడ్డ కనురెప్పలు పైకెత్తి చూసి, నుదురు వేలితో నొక్కి చూసింది. గుడ్డ విప్పి అరికాలు మీద చిటికె వేసింది. వాడు ఏడవలేదు. కొంచెం కదిలి మళ్ళీ నిద్రలోకి జారాడు.

"పాలు తాగతా ఉండాడా?"

"నిన్నటినుంచి సరిగ్గా తాగడం లేదు డాక్టరమ్మా. నిద్రపోతానే ఉండాడు."

"అది మంచి నిద్ర కాదు. పసిరికలు, అదే కామెర్లు, ముదరతా ఉండాయి. రేపు పొద్దున్నే రాయవేలూరు తీసుకుపోవాల. ఆడ రక్తం మారుస్తారు, ఇక్కడ ఆ సదుపాయం లేదు. తండ్రి ఎంట పోవాల, ఆయన రక్తం గూడా చూడాల, సంతకం పెట్టాల. నువ్వు ఈ కుట్లతో రైల్లో పోలేవు. సాయంత్రం ఆరు దాకా నేను ఈడనే ఉంటా, మీ ఆయన్ని వచ్చి నాతో మాట్లాడమను."

మీ ఆయన్ని రమ్మను అని డాక్టరమ్మ ఎంత తేలిగ్గా అనేసింది.

నాలుగున్నరకు కల్యాణవల్లి వచ్చింది. సంపత్కుమార్‌కు అక్క, పదేళ్ళు పెద్దది. అదే వీధిలో వేరే గోత్రం వాళ్ళింటికి కోడలు. ఐదు రోజులుగా అత్తవారింటి తరఫున వకుళ దగ్గరికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. కారియరు విప్పి, నేతి అన్నంలో కలిపిన శొంఠిపొడి, మిరియాల చారు మంచం పక్కన పెట్టింది.

"తిను వకుళా, వేడిగా ఉండాది."

"అత్త చేసిందా?"

"అమ్మే చేసింది. అరుగు మీద పెట్టింది, నేను తెచ్చినాను."

"నేనెట్లుండానో అడిగిందా?"

"అడగలేదు."

"మనవడెట్లుండాడో?"

కల్యాణవల్లి గిన్నె మూత తిప్పి పెట్టింది. బాలింతకు తప్ప మామూలు మనిషికెవరూ ఇంత శొంఠిపొడి పెట్టరు. వంట చేసిన చేతికి అన్నీ తెలుసు, నోటికి మాత్రం ఏమీ తెలియదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది ఈ వ్యవహారం అనుకుంది వకుళ. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పి, బిడ్డ ముఖం మీది గుడ్డ తొలగించింది.

కల్యాణవల్లి వంగి చూసింది. చూసి, మంచం అంచున కూలబడింది.

"వదినా, మీ తమ్ముణ్ణి పిలుచుకురా. ఆరింటి లోపల రావాల."

"వాడికి చెప్పేదానికి లేదు వకుళా."

"ఏం?"

"చెబితే విన్నట్టే గదా."

ఆ మాట అర్థమయ్యేందుకు వకుళకు కొంతసేపు పట్టింది. బిడ్డ పుడితే తండ్రికీ, తండ్రి దాయాదులకూ పది రోజులు పురుడు. ఆ పది రోజులూ కోవెల గడప తొక్కకూడదు, స్వామి సొత్తు తాకకూడదు. ఇది ఆమె ఎరగనిది కాదు. అయితే ఆ పురుడు బిడ్డ పుట్టిన క్షణంలో అంటుకోదు. పుట్టాడన్న కబురు చెవిన పడితేనే అంటుకుంటుంది. పది రోజులు గడిచాక వింటే అసలు అంటదు. దూరదేశాల్లో ఉన్నవాళ్ళకోసం ఎప్పుడో పెద్దలు పెట్టిన వెసులుబాటు అది. ఆసుపత్రికీ అత్తవారింటికీ మధ్య దూరం మైలు కూడా లేదు.

"నలుగురన్నదమ్ముల బిడ్డల ఇండ్లు మనవి," అంది కల్యాణవల్లి నేల చూస్తూ. "స్వామికి వెండి గొడుగు పట్టేదీ చామరం వీచేదీ మనవాళ్ళే. ఒకరి చెవిన పడితే నాలుగిండ్ల మగవాళ్ళూ ఇంట్లో కూర్చోవాల. ఉత్సవాల్లో గొడుగెవరు పడతారు? పోయినేడే ధర్మకర్త అన్నాడు, మీకు మైల అడ్డమొస్తే వేరే ఊరినుంచి మనుషుల్ని పిలిపిస్తామని. వంశానికి వచ్చిన గొడుగు ఒకసారి ఇంకొకరి చేతికి పోతే మళ్ళీ వస్తుందా? అమ్మ అదే ఆలోచించింది. ఆడపడుచును, నాకు అంటదు గాబట్టి నన్ను పంపించింది. ఇంకా ఐదు రోజులే వకుళా. రేప్పొద్దున ఆ గొడుగు పట్టుకోవాల్సినోడు నీ కొడుకే గదా."

"వాడు పట్టుకోవాలంటే ముందు బతకాల గదా వదినా."

కల్యాణవల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మీ తమ్ముడికి ఏమీ తెలీదా?"

"నొప్పులొచ్చినాయని తెలుసు. ఆ తర్వాత మాట ఎవరూ చెప్పలా. తెలిస్తే వాడు నిలబడతాడా, పరిగెత్తుకుని రాడూ?"

ఇంత దుఃఖంలోనూ ఆ మాట వకుళకు చల్లగా తగిలింది. ఆయనకు తెలియదు. తెలిసి రాకపోవడం వేరు, తెలియక రాకపోవడం వేరు. ఐదు రోజులుగా గోడవైపు తిరిగి తను వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికింది. అయితే ఇంకొక ప్రశ్న మిగిలింది.

"మా నాయనకు రాసిన కార్డు డబ్బాలో వేసినావా?"

కల్యాణవల్లి చేతిసంచిలోంచి కార్డు తీసి దుప్పటి మీద పెట్టింది. ఐదు రోజులు సంచిలో నలిగి మూలలు మడతపడ్డాయి. పసుపు మరకైంది. 'నాయనా, నీకు మనవడు పుట్టినాడు. ముక్కు నీదే. నువ్వు వెంటనే బయల్దేరి రా.' తన రాతను తనే చదువుకుంది వకుళ. సత్యవేడులో ఆ ముసలాయన రోజూ పోస్టుమాను కోసం వీధి అరుగు మీద కూర్చుని ఉంటాడు.

"మీ నాయన వస్తే నేరుగా ఇంటికే వస్తాడు. గడపలోనే అల్లుడి చెయ్యి పట్టుకుని చెప్పేస్తాడు. అందుకని..."

"ఇప్పుడు తంతి ఇచ్చినా రేపు సాయంత్రానికి గాని రాలేడు. ఆ రోజే వేసి ఉంటే ఈ పాటికి బిడ్డ పక్కన నా మనిషొకడు ఉండేవాడు వదినా."

"నేను పోయి అమ్మనడుగుతా," అని లేచింది కల్యాణవల్లి. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అడగాలంటే ముందు చెప్పాలి. చెబితే తల్లి విన్నట్టే. ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపులో కపటం లేదు, దారి కూడా లేదు. కారియరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

గోడలకు చెవులుంటాయంటారు. కాన్పుల వార్డులో మంచానికీ మంచానికీ మధ్య గోడలే ఉండవు. ఆనందమ్మ చుట్టాలను బయటికి పంపేసి, మంచం దిగి వచ్చి వకుళ పక్కన కూర్చుంది.

"ఇన్నాను అమ్మణ్ణీ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయడంట. మేము సర్చికి పోయేవాళ్ళం, మాకు మీ పురుళ్ళు గిరుళ్ళు లేవు. మా ఆయన్ని పంపిస్తా. మీ ఈదిలో నిలబడి గట్టిగా సెప్పొస్తాడు."

అప్పుడే బిందెతో నీళ్ళు తెస్తున్న ఆయా సుబ్బులమ్మ ఆగింది.

"ఎవురికి సెప్పేది? ఈయమ్మ మొగుడికా? పొడుగ్గా, ఎడం కనుబొమ్మ మీద మచ్చుంటాది, ఆయప్పేనా?"

వకుళ లేచి కూర్చుంది. కుట్లు చురుక్కుమన్నాయి. "ఆయన్ని నువ్వు యాడ చూసినావు?"

"ఈణ్ణే, గేటు కాడ. నువ్వు కాన్పయిన మర్నాడు తెల్లారి. రోడ్డుకు ఆ పక్కే నిలబడినాడు, ఈ పక్కకు కాలు పెట్టలా. నన్ను సైగ చేసి పిలిసినాడు. నిన్న మా అక్క తీసుకొచ్చిన మనిషి బాగుండాదా అని అడిగినాడు. బాగుండాది సామీ, నీకు... అని నేను సెప్పబోతే, రెండు సేతుల్తో సెవులు మూసుకున్నాడమ్మా. అంతే సాలు, ఇంకేమీ సెప్పొద్దు, నీకు దండం పెడతా అన్నాడు. అట్లనే సెవులు మూసుకోని ఎళ్ళిపోయినాడు. నాకు సిత్రంగా అనిపించింది. నువ్వు బాధపడతావని సెప్పలా."

వార్డులో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఆయన వచ్చాడు. తను బతికుందో లేదో అడగడానికి వచ్చాడు. అంతవరకు ప్రేమే. కాని బిడ్డ మాట వచ్చేసరికి చెవులు మూసుకున్నాడు. ఆడదో మగో, బతికుందో చచ్చిందో వినకుండా వెళ్ళి గొడుగు పట్టుకున్నాడు. అత్త చేసిందంటే అర్థముంది, వదిన భయపడిందంటే అర్థముంది. ఈ పని మాత్రం ఆయన తెలిసి చేశాడు. ప్రసవమప్పుడు కూడా ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు కనీసం ఒకరు వస్తారన్న నమ్మకం ఉండేది.

"మీ ఆయన పోయినా లాభం లేదు ఆనందమ్మా. చెప్పేవాడి ముఖం చూస్తానే చెవులు మూసుకుంటాడు," అంది. ఆ తర్వాత కాళ్ళు కిందికి దించింది. "మీ ఆయన్ని జట్కా పిలవమను."

"యాడికి?"

"నేనే పోతా."

ఆనందమ్మ తన ఉన్ని దుప్పటి తెచ్చి వకుళ భుజాల చుట్టూ కప్పింది. గేటు దగ్గర సుబ్బులమ్మ అడ్డం నిలబడింది. బిళ్ళలు కట్టిన బిడ్డలను గేటు దాటించడానికి లేదు, అది ఆసుపత్రి కట్టడి. వకుళ ఆమె ముఖంలోకి చూసింది.

"వీణ్ణి వాళ్ళ నాయనకు చూపించాల సుబ్బులమ్మా. డాక్టరమ్మ పొయ్యే లోపల తిరిగొస్తా."

సుబ్బులమ్మ కొంతసేపు బిడ్డను చూసి, పక్కకు తప్పుకుని బిందె కడగడం మొదలుపెట్టింది. "ఆరింటి గంట కొట్టే లోపల రావాల. నేను సూడలా," అంది.

చెంగయ్య బండివాడి పక్కన కూర్చున్నాడు. గతుకు తగిలినప్పుడల్లా వకుళకు ప్రాణం పోయి వచ్చేది. బిడ్డను రొమ్ముకు ఆనించుకుంటే వాడు నోరు తెరవలేదు. పడమటెండ పడి వాడి ముఖం పసుపు రాసినట్టు కనబడింది. మలుపు తిరగ్గానే ఆమె చెవుల్లోంచి దూది తీసి పారేసింది. ఐదు రోజుల తర్వాత లోకం చప్పుడు ఒక్కసారిగా చెవిలో పడింది. డోలు, నాదస్వరం. సాయంత్రం వాహనం బయల్దేరింది.

"ఇంగా ముందరికి పోనీమందామా అమ్మా?" అని అడిగాడు చెంగయ్య. దారి పొడుగునా అతను మాట్లాడిన మాట అదొక్కటే.

"వద్దన్నా. ఈడే ఆపు. పురుటి మనిషిని, స్వామికి ఎదురు పోకూడదు."

అదీ వకుళ. అంత కోపంలోనూ స్వామికి మైల తగలనివ్వదు. ఆమె కూడా అలాంటి ఆచారాల మధ్య పెరిగిన పిల్లే. వీధి మొదట్లో, గోడవారగా, జట్కా చక్రం పట్టుకుని నిలబడింది. తను నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. నలుగురున్న చోట మాట పడితే నాలుగిళ్ళ మగవాళ్ళూ అప్పటికప్పుడు వాహనం వదిలి పక్కకు తప్పుకోవాలి. స్వామి నడివీధిలో గొడుగు లేకుండా నిలబడిపోతాడు. తరాలనాటి వంతు ఆమె ఒక్క మాటతో పోతుంది. ఆ ఇంట్లో ఆమెను జన్మలో క్షమించరు. విప్పకపోతే రేపు పొద్దున రాయవేలూరు వెళ్ళేవాళ్ళు లేరు.

వాహనం దగ్గరైంది. వెండి గొడుగు ఎండలో మెరిసింది. దాని కర్రను రెండు చేతులా పట్టుకుని సంపత్కుమార్ నడుస్తున్నాడు. నుదుట నామం చెమటకు కాస్త చెదిరింది. ఐదు రోజుల్లో చిక్కిపోయాడు. చూసీ చూడగానే ఆమెకు జాలి వేసింది, ఆ జాలికి తనమీద తనకే కోపం వచ్చింది.

ఇంటి ముందర హారతికని వాహనం ఆగింది. అరుగు మీద అత్త పెరుందేవమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె కళ్ళు వీధి మొదటికి పోయాయి. కోడలిని చూసింది, కోడలి చేతుల్లోని మూటను చూసింది. తల తిప్పుకుని కర్పూరం వెలిగించింది. పళ్ళెం మాత్రం వణుకుతోంది. హారతి మొదలవుతుందని నాదస్వరం వాయించేవాళ్ళు ఊపిరి ఆపారు. వీధంతా నిశ్శబ్దమైంది.

అమ్మ చేయి ఎందుకు వణుకుతోందా అని చూసిన సంపత్కుమార్ చూపు ఆమె కళ్ళు తప్పించుకున్న వైపుకు తిరిగింది. వకుళను చూశాడు. చూపు ఆమె ముఖం మీదినుంచి కిందికి దిగి బిడ్డ దగ్గర ఆగింది. అతని భుజాలు కదిలాయి. చేతులు చెవుల దాకా పోవాలని చూస్తున్నాయి. కాని రెండు చేతులూ గొడుగు కర్ర మీద ఉన్నాయి, వదిలితే అది స్వామి మీద పడుతుంది.

అతను వకుళ కళ్ళలోకి చూసి, ఎవరికీ తెలియనంత కొంచెంగా, వద్దన్నట్టు తల ఊపాడు.

ఆ ఇంటికి కోడలై వచ్చిన రెండేళ్ళలో ఆ వీధిలో ఎవరూ వకుళ గొంతు వినలేదు. ఆమె బిడ్డను గుండెలకు హత్తుకుంది.

"ఏమండీ," అని పిలిచింది.